తొమ్మిదో అధ్యాయం: ఫ్రీజరు పెట్టె, జామీను సంతకం

నాన్నగారు పోయింది మే నెలలో. తెనాలిలో మే నెల ఎండ గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండు దాటింది. చెల్లెలు హైదరాబాదు నుంచి రావాలి, తమ్ముడు బెంగుళూరు నుంచి రావాలి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగక తప్పదు. ఏం చేయాలో తోచక వరండాలో నిలబడి ఉంటే గేటు ముందు మినీ వ్యాను ఆగింది. ఇద్దరు కుర్రాళ్ళు ఫ్రీజరు పెట్టె దించారు. ప్లగ్గు ఎక్కడుందో చూసుకున్నారు, పెట్టెకు చలి పట్టేదాకా ఉన్నారు. వెళ్ళేముందు ఒకతను చంకలోంచి రిజిస్టరు తీసి, “ఇక్కడో సంతకం పెట్టండి బాబాయ్. డబ్బులేం అక్కర్లేదు. మాస్టారు మన సంఘం మెంబరు కదా” అన్నాడు.

నాన్నగారు ఆ పరపతి సంఘంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సభ్యుడు. ఆ సంగతి మాకు లీలగా తెలుసు. ఏటా ఒకసారి స్టీలు డబ్బానో గోడ గడియారమో పట్టుకుని ఇంటికి వచ్చేవారు. “ఎక్కడిది నాన్నా?” అంటే “మహాజన సభ” అనేవారు. మాకు తెలిసిన సహకారోద్యమం అంతే.

పెద్దకర్మ అయిన వారం రోజులకి అదే సంఘం నుంచి కవరు వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట నాన్నగారు తోటి మాస్టారొకరికి జామీను ఉన్నారు. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాడు, ఆ తర్వాత రిటైరయ్యాడు, వాయిదాలు ఆగిపోయాయి. అసలు, వడ్డీ, అపరాధ వడ్డీ కలిపి లక్షా నలభై వేల పైచిలుకు. జామీనుదారు వారసులు గనక మీరు చెల్లించాలి అని కాగితం.

“పెట్టె పంపించిన చేత్తోనే కాగితమూ పంపించారా!” అంది అమ్మ. నాకూ అంతే కోపం వచ్చింది. అది చల్లారడానికి ఏడాది పట్టింది. చల్లారాక ఒక లెక్క అర్థమైంది. ఆ పెట్టె కొన్న డబ్బు ఎక్కడిది? సంఘం లాభంలోంచి వచ్చింది. లాభం ఎక్కడిది? ఇచ్చిన అప్పులు తిరిగి వస్తేనే లాభం. అంటే మా ఇంటికి వచ్చిన కవరులాంటి కవర్లు ఇంకెన్నో ఇళ్ళకు వెళ్ళబట్టే మా ఇంటికి పెట్టె రాగలిగింది. బాకీ వసూలు చేసుకోలేని సంఘం కూడా పెట్టె కొనగలదు, కానీ అది డిపాజిటు వేసినవాళ్ళ సొమ్ముతో కొన్నట్టే.

ఈ అధ్యాయం అంతా ఆ లెక్క గురించే. పరపతి సంఘంలో చేరడం తేలిక. వాటా ధనం కట్టి, రెండు ఫొటోలు, ఆధార్ కాపీ ఇస్తే సరి. సభ్యుడిగా బతకడం మాత్రం నేర్చుకోవాలి. మన ఇళ్ళలో అది ఎవరూ నేర్పరు.

ముందుగా మాట చూడండి. ఇంగ్లీషులో క్రెడిట్ అన్నదాన్ని మన సంఘాల బోర్డుల మీద ‘పరపతి’ అని రాస్తారు. ఊళ్ళో “ఆయనకు పరపతి ఉందండీ” అంటే అప్పు పుట్టే మనిషి అని ఒక అర్థం, మాట చెల్లే మనిషి అని ఇంకో అర్థం. రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఆ రోజుల్లో మాట చెల్లేవాడికే అప్పు పుట్టేది మరి. ఇప్పుడు సిబిల్ స్కోరు అని మూడంకెల్లో చెబుతున్నది కూడా దాదాపు అదే, కాకపోతే ఆ స్కోరు వేసేవాడు మన మొహం చూడడు. పరపతి సంఘం చూస్తుంది. దాని బలమూ అక్కడే, బలహీనతా అక్కడే.

మొహం చూసి అప్పివ్వడం అన్న ఆలోచన మనదేశంలో చట్టంగా మారింది 1904లో. అంతకుముందు మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని రైతుల అప్పుల సంగతి తేల్చమంది. ఆయన యూరపులోని సంఘాలను పరిశీలించి 1895లో, 1897లో రెండు పెద్ద నివేదికలు ఇచ్చాడు. జర్మనీలో రైఫైజన్ అనే ఊరి మేయరు నడిపిన పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. చిన్న ప్రాంతం, ఒకరినొకరు ఎరిగిన మనుషులు, ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళందరూ పూచీ. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ దారిన మొదటి సంఘం 1904లో చెంగల్పట్టు జిల్లా తిరూరులో మొదలైంది. ఒకరికొకరు పూచీ అన్న ఆ పాత షరతే మా నాన్నగారి సంతకం రూపంలో మా ఇంటికి వచ్చింది.

తెనాలి, రేపల్లె, బాపట్ల, ఈ మూడు ఊళ్ళ వాళ్ళకి సంఘం అన్న మాటతో ఇంకాస్త పాత బంధుత్వం కూడా ఉంది. తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరు ఎక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన ధాతు పేటికల మీద క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీ అక్షరాలున్నాయి. వాటిలో కనిపించే ముఖ్యమైన మాటలు రెండు: గోఠి, నెగమ. అంటే గోష్ఠి, నిగమం. ఒక కమిటీ, ఒక సంఘం. ధాతువులను భద్రపరిచే ఆ పని కలిసి చేసిన సభ్యుల పేర్లు వరసగా చెక్కారు. కుబిరకుడనే రాజు పేరు ఉంది గానీ అది ఒక గోష్ఠికి పెద్దగా ఉంది. మన సంఘాల వార్షిక నివేదికలు తిరగేసినప్పుడల్లా నాకు ఆ పేటికలు గుర్తొస్తాయి. వాళ్ళు అందరి పేర్లూ రాశారు. మనం ఛైర్మన్‌గారి ఫొటోలు పద్నాలుగు వేస్తున్నాం.

సరే, డబ్బు సంగతికి వద్దాం.

తెనాలి స్టేషన్ దగ్గర రైలు దారులు విడిపోతాయి. ఒకటి బాపట్ల మీదుగా మద్రాసు పోతుంది, ఒకటి రేపల్లెలో ఆగిపోతుంది. డబ్బు కూడా ఇక్కడ అలాగే విడిపోతుంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, తర్వాత ఇంజనీరింగు కళాశాల వచ్చింది, ఇప్పుడు జిల్లా కలెక్టరేటు కూడా వచ్చింది. నెలజీతాల వాళ్ళు ఎక్కువ. జీతంలోంచి వాయిదా మినహాయిస్తే సంఘానికీ సుఖం, సభ్యుడికీ సుఖం. రేపల్లె వైపు వరి, మినుము, రొయ్యల చెరువులు, నిజాంపట్నం రేవు. అక్కడ డబ్బు నెలనెలా రాదు. వస్తే ఒక్కసారి వస్తుంది, లేదా తుపానుతో కొట్టుకుపోతుంది. తెనాలిలో నిమ్మకాయల యార్డు నుంచి బంగారు కొట్ల దాకా రోజువారీ వ్యాపారం. సాయంత్రం గల్లా పెట్టెలోంచి యాభయ్యో వందో తీసి పిగ్మీ కలెక్షన్ కుర్రాడి చేతిలో పెట్టేవాళ్ళు.

ఒకే సంఘం మూడు ఊళ్ళలోనూ శాఖలు పెట్టి ముగ్గురికీ ఒకే వాయిదా పద్ధతి రుద్దితే ఏమవుతుందో ఊహించండి. బాపట్ల లెక్చరరు మంచి సభ్యుడనిపించుకుంటాడు, రేపల్లె రైతు ఎగవేతదారు అనిపించుకుంటాడు. గుణంలో తేడా లేదు, కేలండరులో తేడా. కాబట్టి అప్పు తీసుకునేముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న వడ్డీ ఎంత అని కాదు. “నాకు డబ్బు వచ్చేది ఫలానా నెలలో. ఆ నెలలోనే కడతాను. వీలవుతుందా?” అని అడగండి. వీలవదంటే చిన్న అప్పు తీసుకోండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి పొలంలోనే తడిసిపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద దిగువకు వచ్చినప్పుడు కొల్లూరు, రేపల్లె ప్రాంతాల లంకలు మునిగాయి. అలాంటి ఏడాదిలో వాయిదా గడువు పెంచాలంటే పాలకవర్గం తీర్మానం చేయాలి. ఆ తీర్మానం చేసే ధైర్యం, చేసినా నిలబడగలిగే రిజర్వు ఫండు ఉన్నాయా అన్నదే సంఘానికి అసలైన పరీక్ష. దుప్పట్లు, బియ్యం సంచులు పంచడం మంచిదే. గడువు పెంచడం అంతకంటే పెద్ద సేవ, కాకపోతే దానికి ఫొటో రాదు.

సభ్యుడికి దక్కే లాభం ఎంతో రూపాయల్లో చూద్దాం. మన దగ్గర చేబదులుకు మించిన అప్పంటే ప్రోనోటు, నూటికి రెండు రూపాయలు. లక్ష తీసుకుంటే నెలకు రెండు వేలు. మూడేళ్ళు వడ్డీ ఒక్కటే కట్టుకుంటూ పోతే డెబ్బై రెండు వేలు పోతాయి, లక్ష అలాగే ఉంటుంది. అదే లక్ష సంఘంలో ఏడాదికి 12 శాతం చొప్పున, తగ్గే బాకీ మీద వడ్డీ వేసే పద్ధతిలో 36 వాయిదాలకు తీసుకుంటే నెలకు 3,321 రూపాయలు. మూడేళ్ళకు కట్టేది మొత్తం 1,19,600 లోపు. బాకీ సున్నా. ఈ రెండింటి మధ్య తేడాతో పిల్ల డిగ్రీ ఫీజు కట్టుకోవచ్చు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. కౌంటరు దగ్గర “పన్నెండు శాతమే సార్” అన్నప్పుడు అది తగ్గే బాకీ మీదా, లేక మొదటి రోజు ఇచ్చిన లక్ష మీదే చివరిదాకానా అని అడగండి. మొదటి లక్ష మీదే మూడేళ్ళూ వడ్డీ వేస్తే, దాన్ని ఫ్లాట్ రేటు అంటారు, నెలకు 3,778 రూపాయలవుతుంది. అసలు లెక్కలో అది 21 శాతం పైమాట. నూటికి రూపాయే అన్న పేరు మీద దాదాపు రూపాయి ముప్పావలా పడుతుంది. పైగా చాలా సంఘాల్లో అప్పులో కొంత వాటా ధనం కింద పట్టుకుంటారు. లక్షలో ఐదు వేలో పది వేలో చేతికి రావు, వడ్డీ మాత్రం లక్ష మీద పడుతుంది. వాటా మీద డివిడెండు ఇస్తారు కాబట్టి అది అన్యాయమని నేననను. కానీ లెక్కలో కలుపుకోండి. ఈ మాత్రం లెక్క అడగడానికి మొహమాటపడేవాళ్ళు నాకు డజన్లకొద్దీ తెలుసు. వాళ్ళే కూరగాయల బజారులో కిలో వంకాయల దగ్గర పది నిమిషాలు బేరమాడతారు.

ఇక జామీను. ఈ అధ్యాయంలో నాకు బాగా తెలిసిన భాగం ఇదే. డబ్బు కట్టి నేర్చుకున్నాను కాబట్టి.

స్టాఫ్ రూములో టీ తాగుతుండగా ఒకాయన వచ్చి “మాస్టారూ, చిన్న సంతకం” అంటాడు. ఆ ‘చిన్న’ అన్న మాట వినగానే చెవులు నిక్కించాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ఇద్దరు జామీనుదారులుంటే చెరి సగం అని మనం అనుకుంటాం. సంఘం అలా అనుకోనక్కర్లేదు. మొత్తం ఒకరి దగ్గరే వసూలు చేయవచ్చు. ఆ ఒకరు తర్వాత రెండో ఆయన దగ్గర తన వాటా రాబట్టుకోవాలి. జామీనుదారు చనిపోతే, ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకు వారసులు బాధ్యులు. కట్టినవాడికి ఒక హక్కు మిగులుతుంది: అప్పు తీసుకున్నవాడి మీద సంఘం స్థానంలో తాను నిలబడి ఆ సొమ్ము అడగవచ్చు. మేమూ అడిగాం. ఆ మాస్టారు రేపల్లె దగ్గరి ఊళ్ళో ఉన్నారు. వెళ్ళేసరికి పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాం.

కాబట్టి నా సలహా: జామీను ఉండొద్దని చెప్పను. ఎవరూ ఉండకపోతే పరపతి సంఘమే ఉండదు. మా నాన్నగారి ఇంటి అప్పుకు కూడా ఇద్దరు జామీను ఉన్నారు, వాళ్ళ పేర్లు మాకు ఇప్పటికీ తెలియవు. కానీ సంతకం పెట్టేముందు ఒక పని చేయండి. ఆ మొత్తం మీ జేబులోంచి పోయినా ఇల్లు గడుస్తుందా అని రాత్రి భార్యతోనో భర్తతోనో కూర్చుని లెక్క వేయండి. గడవదంటే “ఇంట్లో ఒప్పుకోవడం లేదండీ” అని చెప్పేయండి. ఈ ఒక్క విషయంలో ఇంట్లోవాళ్ళ మీద నెట్టేయడం తప్పు కాదు. పెడితే మాత్రం ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి, ఏడాదికోసారి సంఘానికి వెళ్ళి ఆ ఖాతా ఎలా నడుస్తోందో కనుక్కోండి. మూడు వాయిదాలు తప్పినప్పుడు తెలిస్తే స్నేహితుడితో మాట్లాడవచ్చు. ముప్ఫై తప్పాక తెలిస్తే వకీలుతో మాట్లాడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో చెప్పండి. నాన్నగారు చెప్పలేదు. దాచాలని కాదు. అది చెప్పాల్సినంత పెద్ద విషయమని ఆయనకు తోచి ఉండదు.

ఇప్పుడు నివేదికలో ఫొటోల పేజీలకు వద్దాం. చలివేంద్రం ప్రారంభం, నోటు పుస్తకాల పంపిణీ, కంటి శిబిరం, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న సభ్యుల పిల్లలకు బహుమతులు, రక్తదానం. వీటిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. వేసవిలో బస్టాండు దగ్గర కుండనీళ్ళు తాగినవాడికి ఆ కుండ ఎవరిదో అక్కర్లేదు. సమాజం పట్ల శ్రద్ధ అన్నది సహకార సంఘాలు ఒప్పుకున్న ఏడో సూత్రం కూడా. 1995లో మాంచెస్టరులో జరిగిన అంతర్జాతీయ సహకార సమాఖ్య మహాసభలో దాన్ని చేర్చారు. అదే 1995లో మన రాష్ట్రం దేశానికే కొత్త దారి చూపిస్తూ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వం వాటా అక్కర్లేదు, ప్రభుత్వం పెత్తనం అక్కర్లేదు, సభ్యులే పెట్టుబడి పెట్టుకుని సభ్యులే నడుపుకోవచ్చు అన్నది దాని సారం. ఈనాడు మన పట్టణాల్లో ‘మ్యాక్స్’ అన్న తోకతో కనిపించే సంఘాలన్నీ ఆ చట్టం కింద రిజిస్టరైనవే. పెత్తనం తగ్గితే కాపలా కూడా సభ్యులదే అవుతుంది. ఈ రెండో సగం చాలామంది చదవలేదు.

సేవ అంటే పెట్టె, కుండ, పుస్తకాలు మాత్రమే అనుకోకండి. తెలంగాణలోని ములుకనూరు చూడండి. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ఆధ్వర్యంలో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు అది. అప్పు ఇవ్వడంతో ఆగలేదు. ఎరువులూ విత్తనాలూ ఇచ్చింది, పండిన పంటను కొన్నది, మిల్లు ఆడించింది. అప్పు తీసుకున్న రైతు పంటకు ధర వస్తే బాకీ తానే తీరుతుంది కదా. దాన్ని సేవ అనాలా, వ్యాపారం అనాలా? అక్కడ ఆ రెండింటి మధ్య గోడ లేదు. అలాగే మన ఉమ్మడి రాష్ట్రంలో 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి తట్టుకోలేక ఊళ్ళలో ప్రాణాలు పోయిన తర్వాత, 2011లో స్త్రీనిధి క్రెడిట్ కోఆపరేటివ్ ఫెడరేషన్ వచ్చింది. డ్వాక్రా అక్కలకు అవసరం పడిన రెండు రోజుల్లో అప్పు అందాలన్నది దాని లక్ష్యం. ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు నలభై ఎనిమిది గంటల్లో దొరికే అప్పు, వారానికోసారి గుమ్మంలో కూర్చునే వసూలు మనిషి నుంచి ఆడమనిషిని కాపాడుతుంది. నివేదికలో ‘సాధించిన విజయాలు’ అన్న శీర్షిక కింద నేను వెతికేది ఇలాంటివి: దరఖాస్తు ఇచ్చిన ఎన్ని రోజులకు అప్పు చేతికొస్తోంది, ఈ ఏడాది ఎంతమంది సభ్యులు ప్రోనోటు అప్పు తీర్చేసి సంఘానికి మారారు. ఒక్క నివేదికలోనూ ఈ అంకెలు నాకు కనబడలేదు. వ్యాపారం ఇన్ని కోట్లు దాటింది అని మాత్రం బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. వ్యాపారం అంటే డిపాజిట్లూ అప్పులూ కలిపిన మొత్తం. ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టడం అన్నమాట.

సేవా కార్యక్రమాల పేజీ చూసినప్పుడు ఒక్క ప్రశ్న చాలు: ఈ ఖర్చు ఏ పద్దులోంచి? నికర లాభం తేలాక, 1964 నాటి రాష్ట్ర సహకార సంఘాల చట్టం కింది సంఘమైతే అందులో కనీసం నాలుగో వంతు రిజర్వు ఫండుకు వెళ్ళాక, మహాజన సభ ఒప్పుకుని కేటాయించిన నిధిలోంచి అయితే చప్పట్లు కొట్టండి. లాభమే లేని ఏడాదిలో కూడా సన్మానాలూ శాలువాలూ ఆగలేదంటే ఆ శాలువా మీ డిపాజిటు నూలుతో నేసిందే.

డిపాజిటు అన్నాను గనక ఒక మాట గట్టిగా చెప్పాలి. పరపతి సంఘం బ్యాంకు కాదు. బ్యాంకులో వేసిన సొమ్ముకు, సహకార బ్యాంకులతో సహా, డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో డిపాజిటుదారుకు ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకు. పరపతి సంఘాల్లో వేసిన సొమ్ముకు ఆ బీమా లేదు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు పనిగట్టుకుని ప్రకటన ఇచ్చింది: కొన్ని సహకార సంఘాలు పేరులో ‘బ్యాంకు’ అని పెట్టుకుంటున్నాయి, సభ్యులు కానివాళ్ళ దగ్గరా నామమాత్రపు సభ్యుల దగ్గరా డిపాజిట్లు తీసుకుంటున్నాయి, జాగ్రత్త అని. 2001, 2002 ప్రాంతాల్లో హైదరాబాదులో కృషి, చార్మినార్ సహకార అర్బన్ బ్యాంకులు కూలినప్పుడు బీమా ఉండబట్టి లక్ష లోపు వాళ్ళకైనా ఒక ఆసరా ఉంది. సంఘానికి ఆ ఆసరా కూడా లేదు. అక్కడ మీ బీమా ఏమిటయ్యా అంటే రిజర్వు ఫండు, వసూళ్ళు, పాలకవర్గం నిజాయితీ. బ్యాంకు కంటే రెండు శాతం వడ్డీ ఎక్కువిస్తామంటే, ఆ రెండు శాతం మీరు మోస్తున్న బరువుకు కూలి అని గుర్తు పెట్టుకోండి. రిటైరైనప్పుడు వచ్చిన మొత్తం తీసుకెళ్ళి ఒకే చోట పోయకండి. బావమరిది మేనేజరైనా సరే.

నివేదికలో నేను చూసేవి నాలుగు అంకెలు. ఫొటోలు దాటి వెనక్కి వెళ్ళండి, సన్న అక్షరాల్లో ఉంటాయి. గడువు మీరిన బాకీలు మొత్తం అప్పుల్లో ఎంత వంతు? పోయిన ఏడాది ఎంత ఉంది? రిజర్వు ఫండు ఎంత, అది ఎక్కడ పెట్టారు? పాలకవర్గ సభ్యులకూ వాళ్ళ బంధువులకూ ఇచ్చిన అప్పులెన్ని? నాలుగోది సాధారణంగా దొరకదు. దొరకకపోతే అడగాలి. ఆడిట్ రిపోర్టులో ఆడిటరు చివర రాసిన వ్యాఖ్యలు కూడా చదవండి. అక్కడ మర్యాదగా రాసిన ఒక్క వాక్యం, ముందున్న ఇరవై పేజీల కంటే ఎక్కువ చెబుతుంది. ఇంకొకటి: 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె, బాపట్ల ఆ జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మీ సంఘం ఎక్కడ రిజిస్టరైందో పాస్‌బుక్కు మీద చూసి ఉంచుకోండి. ఫిర్యాదు పెట్టాల్సి వస్తే ఏ జిల్లా సహకార కార్యాలయానికి పోవాలో ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.

నాన్నగారి వాటా నా పేరు మీదికి మార్పించుకున్నాక మొదటిసారి మహాజన సభకు వెళ్ళాను. కల్యాణ మండపం, ఎర్ర కుర్చీలు, గోడల వెంబడి పెద్ద ఫ్యాన్లు. గుమ్మం దగ్గర సంతకం పెట్టగానే కూపన్ ఇచ్చారు. భోజనానికి ఒకటి, బహుమతికి ఒకటి. ఆ ఏడు బహుమతి మూడు గిన్నెల టిఫిన్ కారియరు. వేదిక మీద పదహారు మంది. పూలదండలు అయ్యేసరికి పన్నెండున్నర. కార్యదర్శి ఎజెండా చదువుతుంటే వంటశాల వైపు నుంచి గుత్తొంకాయ కూర వాసన వచ్చింది. సగం కుర్చీలు అటు తిరిగాయి. “ఆమోదమేనా?” అని వేదిక మీంచి అడగడం, “ఆమోదం, ఆమోదం” అని ముందు వరసల్లోంచి కేకలు. ఆరు తీర్మానాలు తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. నేను గడియారం చూశాను.

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ళు వణికాయని ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల ముందు పాఠం చెప్పినవాడినే, అయినా. “గడువు మీరిన బాకీలు పోయినేటి కంటే పెరిగాయి, ఎందుకో చెప్పండి” అన్నాను. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. వెనక నుంచి ఎవరో “భోజనాలకు టైమవుతోందండీ” అన్నారు. కార్యదర్శి మాత్రం కోపగించుకోలేదు. కాగితాలు తిప్పి, రేపల్లె శాఖలో రొయ్యల చెరువులకిచ్చిన అప్పులు ఆగాయని, వైరస్ వచ్చి రెండు పంటలు పోయాయని, గడువు పెంచడానికి తీర్మానం పెట్టాలా వద్దా అని తామే తటపటాయిస్తున్నామని చెప్పాడు. అప్పుడు నిజమైన సభ మొదలైంది. రేపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, చెరువులన్నీ ఒకటి కాదు, ఎవరిది నిజంగా పోయిందో ఎవరు నాటకమాడుతున్నారో మా ఊళ్ళో అందరికీ తెలుసు, మమ్మల్ని అడగండి అన్నాడు. నికల్సన్ జర్మనీ దాకా వెళ్ళి నేర్చుకొచ్చినది ఆయన ఎర్ర కుర్చీలో కూర్చుని రెండు వాక్యాల్లో చెప్పేశాడు. భోజనాలు నలభై నిమిషాలు ఆలస్యమయ్యాయి. ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. పెద్దాయన అందులో ఉన్నాడు.

బయటికి వస్తుంటే ఆ రాత్రి మా ఇంటికి ఫ్రీజరు పెట్టె తెచ్చిన కుర్రాడు కనిపించాడు. ఇప్పుడు కౌంటరులో పనిచేస్తున్నాడు. “అంత గట్టిగా అడిగేశారేంటి బాబాయ్!” అన్నాడు. నవ్వాడు కూడా.

మీ సంఘం మహాజన సభ నోటీసు ఇంటికి వచ్చే ఉంటుంది. ఫ్రిజ్ మీదో, పాత పేపర్ల కిందో ఉంటుంది, చూడండి. తేదీ కింద గీత గీయండి. నివేదిక సభరోజు ఇస్తామంటే కుదరదు, వారం ముందు కావాలని అడిగి తెచ్చుకోండి. ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. భోజనం కూపన్ తీసుకోండి, అది మీ హక్కే. ప్రశ్న అడిగాక తినండి.